ఖాళీగా ఉంది కదా అని

పక్కింటివాళ్లు మాట్లాడుకునే భాష మనకు రాదనుకోండి. ఏం చేస్తాం? "భోజనాలయ్యాయా" అన్నట్టు ఓ నవ్వు నవ్వి ఊరుకుంటాం. మా ల్యాప్‌టాప్‌లో కాపురముంటున్న పెద్దాయన అలా ఊరుకునే మనిషి కాదు. తనకు తెలియని పద్ధతిలో రాసిన పెన్ డ్రైవ్ పెడితే చాలు, "దీన్ని వాడుకోవాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని అడుగుతాడు. అంటే ఏమిటన్నమాట? ఆ ఇంట్లో ఏం మాట్లాడుకుంటున్నారో నాకు అర్థం కావట్లేదు కాబట్టి, ఇల్లు కూలగొట్టి చదును చేసి మీకిచ్చేయనా అని. అదీ ఎంతో మర్యాదగా, ఓ చిన్న తెల్ల కిటికీ తెరిచి, రెండు బటన్లు పెట్టి మరీ. పేరు చెప్పను. మీ ఇంట్లోనూ ఉంటాడు, మీ బ్యాంకులోనూ ఉంటాడు.

నేను పెద్దాయనతో పాటు, కంప్యూటర్‌ని నడిపించే హైకూ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వాడతాను. పేరు వినలేదని మొహమాటపడకండి, మా కాలనీలో ఎవరూ వినలేదు. ఆఫీసు పనీ, కరెంటు బిల్లూ, ఆధార్ గొడవలూ పెద్దాయన చూసుకుంటాడు. నా రాతలూ, చుట్టాల ఫోన్ నంబర్లూ హైకూ చూసుకుంటుంది. పాపం, హార్డ్ డిస్కులో వాటా కూడా అడగలేదు. 32 జీబీ పెన్ డ్రైవ్‌లో సర్దుకుంది. ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కి పెన్ డ్రైవ్ ఎంచుకుంటే చిన్న చిన్న బొమ్మలు వరసగా వెలుగుతాయి, చివర్లో రాకెట్ బొమ్మ వెలిగేసరికి డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. ఈలోగా కాఫీ కలుపుకోవడానికి టైమ్ చాలకపోవడమే నాకు కనిపించిన లోపం.

సరే, ఇంకో లోపం ఉంది. ఇది ఇంకా పూర్తి కాలేదు. ఆపిల్ నుంచి బయటికొచ్చిన జాన్ లూయి గాసే 1990లో 'బీ' అనే కంపెనీ పెట్టి బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేయించాడు. 2001లో ఆ కంపెనీ ఆస్తి 1.1 కోట్ల డాలర్లకు పామ్ అనే మరో కంపెనీ చేతికి పోయింది. అభిమానులు ఊరుకుంటారా? అదే ఏడాది కూర్చుని, అలాంటిదే మళ్లీ మొదట్నుంచీ రాయడం మొదలుపెట్టారు. అదే ఈ హైకూ. 2009లో మొదటి ఆల్ఫా, అంటే పరీక్షకు వదిలిన తొలి రూపం వచ్చింది, 2018లో దానికంటే కాస్త కుదురుకున్న మొదటి బీటా, 2024 సెప్టెంబరులో ఐదో బీటా. నవ్వకండి. 1981లో పోలవరానికి శంకుస్థాపన చేసుకున్నవాళ్లం, ఇంకొకళ్ల ఆలస్యాన్ని చూసి నవ్వే హక్కు మనకు లేదు.

ఆ హైకూ అనే పేరుకీ ఓ కథ ఉంది. బీఓఎస్ బ్రౌజర్‌కి అడిగిన పేజీ దొరక్కపోతే ఆ సంగతి హైకూలో, అంటే జపాన్ వాళ్ల మూడు పాదాల కవితలో చెప్పేది. తప్పు జరిగినా కవిత్వం చెప్పే వంశం అది. ఏ తప్పూ లేకుండానే ఇల్లు కూల్చనా అనే వంశం ఇది. రెంటినీ ఒకే టేబుల్ మీద పెట్టుకుని నేను కాపురం చేస్తున్నాను.

మొన్న ఆదివారం పొద్దున్నే మా బావమరిది వచ్చాడు. వాళ్ల పిన్ని కొడుకు పెళ్లి. శుభలేఖ ఫైలు ప్రింటింగ్ ప్రెస్ వాళ్లకివ్వాలి, పెన్ డ్రైవ్ కావాలి. నేను స్నానానికి వెళ్లాను. తప్పు నాదే. ఇంట్లో బావమరిదీ, టేబుల్ మీద పెన్ డ్రైవూ ఉన్నప్పుడు స్నానాలు పెట్టుకోకూడదు.

బకెట్లో నీళ్లు పడుతున్నాయి. బయట్నుంచి అతని కేక. "బావా, ఏదో ఏదో అంటోంది, చేసేయనా?" నాకు చివరి మాట ఒక్కటే వినపడింది. ఆదివారం తొమ్మిదింటికి తెలుగువాళ్లింట్లో ఎవరైనా "చేసేయనా" అన్నారంటే అది టిఫిన్ గురించే. "మొహమాటం దేనికిరా, చేసెయ్" అన్నాను ఉదారంగా.

చేసేశాడు.

తర్వాత విచారణలో తేలిందేమిటంటే, ఫార్మాట్ అనే బటన్ నొక్కగానే ఇంకో కిటికీ వచ్చిందిట. అందులో స్టార్ట్ నొక్కితే "ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది" అని హెచ్చరిక వచ్చిందిట. ఇందాకటిదాకా అందులో ఏముందో తెలియనివాడు, ఇప్పుడు ఉన్నదంతా పోతుందని ఎలా చెప్తున్నాడు? ఉంటేనే కదా పోయేది? మా బావమరిది లా చదువుతున్నాడు. అయినా ఈ అనుమానం రాలేదు.

నేను తువ్వాలుతో వచ్చి నిలబడ్డాను. "ఏమండీ, అడిగే చేశాడుగా వాడు, మీరే చేసెయ్యమన్నారుగా" అంది మా ఆవిడ.

"టిఫిన్ అనుకున్నానే!"

"మా తమ్ముడు మనింట్లో టిఫిన్ తినడానికి ఎప్పుడైనా పర్మిషన్ అడిగాడా?"

దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఈలోగా ఫోన్‌లో మా మామగారు. "మూడు నాలుగొందలుంటుందేమో, కొత్తది కొనిపెడతాను లెండి అల్లుడుగారూ, ఈమాత్రానికి మనస్పర్థలెందుకు" అని. బావమరిది మాత్రం ఒకే మాట మీద నిలబడ్డాడు. "నేను చూశాను బావా. ఖాళీగా ఉంది."

ఇక్కడ నేనో నిజం ఒప్పుకోవాలి. హైకూలో ఒక మనిషి వివరాలు దాచుకుంటే అది ఒక ఫైలు. పేరు, ఫోన్, ఊరు, అన్నీ ఉంటాయి. సైజు ఎంతో చూస్తే సున్నా! వివరాలు ఫైలు లోపల ఉండవు, దాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. వాటిని ఆట్రిబ్యూట్లంటారు. అదే ఫైలుని పెద్దాయనకు తెలిసిన మామూలు పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేస్తే పేరు మిగులుతుంది, మనిషి పోతాడు, శుభలేఖలో 'బంధుమిత్రులు' అని వేసినట్టు. కాబట్టి మా బావమరిది కళ్లతో చూస్తే మా చుట్టాలందరూ ఖాళీయే. కొందరి విషయంలో నేను వాదించను కూడా.

ఇంకో సంగతి. పెద్దాయన డిస్కుల మీద రాసే పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్. హైకూకి అది వచ్చు. లైనక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ల పద్ధతీ వచ్చు. హైకూ సొంత పద్ధతి బీఎఫ్‌ఎస్ మాత్రం పెద్దాయనకు రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. పల్లెటూరి నుంచి వచ్చినవాడికి నాలుగు భాషలొస్తాయి. వాడితో "నీకు భాష రాదా" అనేది ఎప్పుడూ ఒక్క భాషే వచ్చినవాడు.

ఇది మా ఇంటి తమాషా కాబట్టి నవ్వుతూ చెప్తున్నాను. దీనికి ముందు జరిగింది నవ్వుతూ చెప్పడం నావల్ల కాదు. 1990ల చివర్లో జపాన్‌లో హిటాచీ వాళ్లు ఫ్లోరా ప్రియస్ అనే కంప్యూటర్లలో విండోస్ పక్కనే బీఓఎస్ కూడా వేసి అమ్మారు. కొన్నవాడు ఆన్ చేస్తే కనపడేది విండోస్ ఒక్కటే. ఏది కావాలో అడిగే బూట్ మెనూ లేదు. తయారీ కంపెనీలతో మైక్రోసాఫ్ట్ చేసుకున్న లైసెన్సు ఒప్పందాల వల్లే ఇలా అయిందని తర్వాత కోర్టులో బీ వాదించింది. నువ్వు డబ్బులిచ్చి కొన్న కంప్యూటర్లో ఇది కూడా ఉంది నాయనా, ఇదిగో ఇలా బయటికి తియ్యి అని బీ వాళ్లు తమ సైట్‌లో పాఠం రాసి పెట్టుకోవాల్సి వచ్చింది. ఆన్ చేయగానే కనపడనిస్తే చాలు, మా సిస్టమ్ ఉచితంగా ఇస్తామని గాసే కంప్యూటర్ కంపెనీలన్నిటికీ బహిరంగంగా చెప్పాడు. ఒక్క కంపెనీ ముందుకు రాలేదు.

వాళ్లడిగిందేమిటి? ఇల్లు కాదు, గది కాదు. గేటు మీద పేరు! ఐదు సెకన్లు కనపడి పోయే ఒక్క వరస! దానికి కూడా చోటివ్వరా? జనం వాడి చూసి, నచ్చక, ఛీ అని అవతల పారేస్తే ఎవరేమంటారు? ఛీ అనడానికైనా కంటికి కనపడాలి కదా! డిస్కులో ఉన్నదాన్ని ఉందని చెప్పనివ్వకుండా, పైగా "దాన్నెవరు అడుగుతున్నారండీ" అనడం! ఎలా అడుగుతారయ్యా, దాచిపెట్టింది మీరైతే!

2002లో బీ కేసు వేసింది. 2003లో మైక్రోసాఫ్ట్ తప్పేమీ ఒప్పుకోకుండా 2.325 కోట్ల డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. అప్పటికి బీకి అమ్ముకోవడానికి సరుకే లేదు. ఆ డబ్బు దినవారాలకు పనికొచ్చింది.

పాత కథ అంటారా? 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్, లైనక్స్ కూడా ఉన్న కంప్యూటర్ల జోలికి పోదని ఆ కంపెనీయే చెప్పింది. పోయింది. చాలామంది లైనక్స్ ఆన్ చేస్తే "ఏదో చాలా పెద్ద పొరపాటు జరిగింది" అనే వరస చూపించి ఆగిపోయింది. జరిగిందని తెలుస్తూనే ఉంది.

ప్రెస్ నుంచి పెన్ డ్రైవ్ తిరిగొచ్చాక సాయంత్రం కూర్చుని మళ్లీ హైకూ వేసుకున్నాను. చుట్టాలు మాత్రం తిరిగి రాలేదు. బ్యాకప్ లేదా అని అడక్కండి, ఆ ప్రశ్న మా ఆవిడ ఇప్పటికే మూడుసార్లు అడిగింది. ఈసారి పెన్ డ్రైవ్‌కి ఓ ప్లాస్టర్ ముక్క అంటించి, దాని మీద పెద్దక్షరాలతో 'ఖాళీ కాదు' అని రాశాను.

బుధవారం మా బావమరిది అచ్చయిన శుభలేఖలు తీసుకొచ్చాడు. నేను కాఫీ కోసం వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి, పెన్ డ్రైవ్ ల్యాప్‌టాప్‌కి పెట్టి, తెర వంక జాలిగా చూస్తున్నాడు.

"బావా, దీని మీద ఏదో పొరపాటున రాశారు. ఇది ఖాళీయే. చేసేయనా?"