మూడు కత్తులు కనిపిస్తే మూడో మనిషి ఉన్నట్టేనా?

"ప్రేమ గురించి అడిగి టారో (జోస్యానికి వాడే బొమ్మల పేక) పరిచినప్పుడు త్రీ ఆఫ్ స్వోర్డ్స్ (మూడు కత్తుల) కార్డు వచ్చిందా, ఇక అనుమానం అక్కర్లేదు, మీ ఇద్దరి మధ్య మూడో మనిషి ఉన్నట్టే." ఈ మాట తెగ తిరుగుతోంది. దానికి తోకలు కూడా ఉన్నాయి: అది వేల ఏళ్లనాటి అర్థమట, పదేపదే వస్తే ఖాయమట, తలకిందులుగా వస్తే వెళ్లినవారు తిరిగి వస్తారట. కార్డులు పరిచే అలవాటు నాకూ ఉంది. అందుకే ఇది చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

"మూడు కత్తులంటే ముగ్గురు మనుషులు."

ముందు కార్డును చూడండి. 1909లో చిత్రకారిణి పమేలా కోల్మన్ స్మిత్ గీసిన బొమ్మలో మనుషులే లేరు. ఒక ఎర్రని గుండె, దానిలో దిగిన మూడు కత్తులు, వెనుక మబ్బులు, వాన. అంకెను బట్టి జనాభా లెక్క తీయాలంటే పది కత్తుల కార్డు వచ్చిన జంట మధ్య ఎంతమంది దూరాలి?

ఆ బొమ్మలు గీయించిన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఈ కార్డుకు చెప్పిన అర్థాలు ఎడబాటు, ఆలస్యం, చీలిక, తెగిపోవడం వంటివి. అదనపు అర్థాల్లో స్త్రీకి "ప్రియుడు వెళ్లిపోవడం" అని కూడా రాశాడు, కాదనను. కానీ ఎవరితో వెళ్లాడో, అసలు ఎవరితోనైనా వెళ్లాడో లేదో చెప్పలేదు. వేర్వేరు ఊళ్లలో ఉంటున్న జంటకు "ఎడబాటు" అన్న మొదటి మాటే సరిపోతుంది.

పైగా కార్డు ఏ స్థానంలో పడిందో చూడకుండా తీర్పు చెప్పడమేమిటి? గతం అనుకున్న చోట పడితే అది పాత గాయం. "నా భయం ఏమిటి" అన్న చోట పడితే అది భయమే, జరిగిన సంగతి కాదు. ఎదురుగా కూర్చున్నది అడిగిన మనిషి. అక్కడ లేని భాగస్వామి ఫోనులో ఏముందో ఆ అట్టముక్కకు ఎలా తెలుస్తుంది?

"ఇది వేల ఏళ్లనాటి అర్థం."

కాదు. టారో 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో ఆడుకోవడానికి పుట్టిన పేక. అది ప్రాచీన ఈజిప్టు నుంచి వచ్చిందన్న కథను 1781లో కూర్ ద జెబెలాఁ అనే ఫ్రెంచ్ రచయిత ప్రచారంలోకి తెచ్చాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపిని చదవగలిగినవారే లేరు. ఫ్రెంచ్ పండితుడు షాంపోలియన్ దాని గుట్టు విప్పింది 1822లో.

"మళ్లీ మళ్లీ వస్తే ఖాయం."

పేకలో మొత్తం 78 కార్డులు. బాగా కలిపి, ఒక్కోసారి పదేసి చొప్పున పదిసార్లు పరిచారనుకుందాం. మీరు ముందే అనుకున్న ఏ కార్డైనా వాటిలో రెండు లేదా అంతకన్నా ఎక్కువసార్లు కనిపించే అవకాశం సుమారు 37 శాతం. మనసు కుదుటపడక వారంలో పదిసార్లు అదే ప్రశ్న అడిగేవారికి అది ఎదురుపడటంలో వింతేముంది? ఆ వారంలో అంతే తరచుగా వచ్చిన మంచి కార్డులను మాత్రం ఎవరూ లెక్కపెట్టరు.

"తలకిందులైతే తిరిగి వస్తారు."

వెయిట్ తలకిందుల అర్థాల్లో పొరపాటు, నష్టం, గందరగోళం ఉన్నాయి. తిరిగి రావడం లేదు. అన్నట్టు, అదనపు అర్థాల్లో "సన్యాసిని" అన్న మాట కూడా ఉంది. ప్రియుడి కోసం ఎదురుచూస్తున్న అమ్మాయికి దాన్ని ఎవరూ చదివి వినిపించరెందుకో!