వీడియో పంపడమైనది, అందినట్లు తెలియజేయగలరు

తిరుపతిలో కాపురం ఉండేవారికి బంధువుల నుంచి రెండే కోరికలు వస్తాయని లోకం అనుకుంటుంది: ఒకటి దర్శనం, రెండు గది. మూడోది కూడా ఉంది. "మెయిల్‌లో వీడియో పంపాను, చూసి చెప్పు." మొదటి రెండింటికీ బ్రహ్మోత్సవాల రద్దీ అనో, సిఫారసు ఉత్తరాలు చెల్లడం లేదనో చెప్పి తప్పుకోవచ్చు. మూడోదానికి ఆ వీలు లేదు, ఎందుకంటే మనం కాదనేలోపే అది వచ్చి ఇన్‌బాక్స్‌లో మఠం వేసుకుని కూర్చుంటుంది.

వాట్సాప్ ఉండగా మెయిల్ ఎందుకని అడిగే కుర్రకారుకు మర్యాద అంటే ఏమిటో తెలియదు. వాట్సాప్‌లో నీలం టిక్కులు మనమీద చాడీలు చెబుతాయి. మెయిల్ సాధారణంగా అలాంటి పని చేయదు. పంపినవారికి పంపామన్న తృప్తి, అందుకున్నవారికి తెరవకుండానే మెచ్చుకునే స్వేచ్ఛ, రెండూ ఏకకాలంలో దక్కే ఏర్పాటు మానవ సంబంధాల చరిత్రలో మరొకటి లేదని నా అభిప్రాయం.

అసలు మెయిల్‌కు బొమ్మలూ పాటలూ తగిలించే విద్య 1992లో మైమ్ అనే పద్ధతితో వచ్చింది. దాన్ని రూపొందించిన ఇద్దరిలో ఒకరైన నథానియల్ బోరెన్‌స్టీన్ ఆ యేడు పంపిన తొలి జోడింపులో తాను పాడే నలుగురు గాయకుల బృందం ఫొటో, వారి పాట ఉన్నాయి. అంటే, అడగనివారికి మన పాట వినిపించడం ఈ విద్యకు పుట్టుకతోనే వచ్చిన గుణమన్నమాట. ఇదంతా ఎందుకయ్యా అన్నవారికి ఆయన, ఏదో ఒకనాడు నాకు మనవలు పుడతారు, వారి ఫొటోలు మెయిల్‌లో అందుకోవాలి అని జవాబిచ్చేవారట. మనవల మాట ఎత్తిన తర్వాత చిత్తూరులోని మా బావగారి ప్రస్తావన తేకుండా ఉండటం అసాధ్యం.

బావగారు గుమాస్తాగా రిటైరయ్యారు. ఆయన దృష్టిలో వాట్సాప్ అంటే కబుర్లు, మెయిల్ అంటే రికార్డు. ఆయన పంపిన మెయిల్ ఇలా మొదలయింది: "విషయం: మనవడి అన్నప్రాశన వీడియో పంపుట గురించి. సూచిక: ది. 12 నాటి మన ఫోను సంభాషణ." కింద నకలు అంటూ ముప్పై ఏడు మంది బంధువుల చిరునామాలు. పళ్లెంలో పుస్తకం, కలం, బంగారం, పూలు, కత్తి పెట్టి పిల్లవాణ్ణి వదిలారనీ, వాడు దేన్ని పట్టుకున్నాడో వీడియోలోనే చూసి ఆనందించాలనీ అందులో రాశారు. వీడియో మాత్రం లేదు.

కారణం చిన్నది. జీమెయిల్‌లో 25 మెగాబైట్లకు మించిన బరువు నేరుగా వెళ్లదు. పైగా మెయిల్ పుట్టింది అక్షరాల కోసం గనుక, వీడియోను కూడా ముందుగా అక్షరాలుగా మార్చి మూటకట్టాలి, ఆ మూటకట్టడంలోనే బరువు మూడో వంతు పెరుగుతుంది. లడ్డూ కన్నా డబ్బా బరువన్నట్లు, ఇంటి దగ్గర 20 మెగాబైట్లు తూగిన ఫైలు కొన్నిచోట్ల తనిఖీ దగ్గర 27 తూగి నిలిచిపోతుంది. అలిపిరిలోనైనా సంచీ విప్పి చూపించి బతిమాలుకోవచ్చు. ఇప్పటి ఫోన్లలో ఒక్క నిమిషం వీడియోయే 100 మెగాబైట్లు దాటడం మామూలు, బావగారిది నాలుగు నిమిషాలు.

అప్పుడు యంత్రమే దయతలచి ఫైలును గూగుల్ డ్రైవ్ అనే ఆన్‌లైన్ గిడ్డంగిలో దాచి, లింకును మాత్రం పంపుతుంది. ఆ లింకు నొక్కితే "అనుమతి కోరండి" అని వస్తుంది. కోరాను. సిఫారసు ఉత్తరం ఇచ్చి జవాబు కోసం ఎదురుచూడటం మా ఊరివారికి కొత్తకాదు గనుక, రెండు వారాలు నిబ్బరంగానే గడిపాను. ఈలోగా జవాబులు కుప్పలుగా వచ్చాయి, అందరూ అందరికీ రాశారు. పలమనేరు పిన్ని "అచ్చం తాత పోలికే" అన్నది. మదనపల్లె మామయ్య "చివరి ఘట్టం కంటతడి పెట్టించింది" అన్నాడు. నేనూ మర్యాదకు లోటు రానివ్వకుండా "చాలా బాగుంది బావగారూ" అని రాశాను.

అసలు జరిగిందేమిటంటే, ఒకేసారి ఇంతమంది అనుమతి కోరుతూ మెయిళ్లు వచ్చేసరికి, టీవీలో సైబర్ మోసాల గురించి విని ఉన్న బావగారు అవన్నీ దొంగల పనేనని తేల్చి, ఒక్కొక్కటిగా చెత్తబుట్టలో వేశారు. అన్నమయ్య రాగిరేకులు కొండమీద చీకటి అరలో శతాబ్దాలు పడి ఉన్నాయి, కానీ వాటిని చూడాలంటే అనుమతి కోరండి అని ఎవరూ అనలేదు, అవి అక్కడున్నట్లు గుర్తుంటేగదా!

పోయిన ఆదివారం బావగారు బస్సెక్కి 70 కిలోమీటర్లు ప్రయాణించి మా ఇంటికి వచ్చారు. ఫోను చొక్కా జేబులో ఉంది, అందులో ఆ వీడియో ఉంది. ఆయన తీయలేదు, రికార్డు ప్రకారం మాకు అందినట్లే గదా. ఇడ్లీ తుంచి చట్నీలో అద్దుతూ, "వాడు పట్టుకున్నది చూశావుగా, ఏమనిపించింది?" అన్నారు.

"ఏముంది బావగారూ, పుస్తకం! సరస్వతీ కటాక్షం."

ఆయన ఇడ్లీ ముక్కను ప్లేటులో పెట్టేశారు. "వాడు పట్టుకున్నది నా సెల్‌ఫోను. అందుకే వీడియో అక్కడితో ఆగిపోయింది."

మా ఆవిడ కాఫీ తెచ్చే నెపంతో లోపలికి వెళ్లిపోయింది. బావగారు చేయి కడుక్కుని, కళ్లజోడు సవరించుకుని, ఫోను బయటికి తీశారు. ఇక్కడే చూపిస్తారని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. ఆయన తెరను తనవైపు తిప్పుకుని, "సూచిక: నా మొదటి మెయిల్" అని ఒక్కో అక్షరమే పైకి చదువుతూ టైపు చేయడం మొదలుపెట్టారు.