మహారాజశ్రీ ట్రిగ్గర్ గారికి

మహారాజశ్రీ ఖరీదైన ట్రిగ్గర్ గారి దివ్యసముఖమునకు, నిన్నటి ఆదివారాన్ని ఆసాంతం తమకు సమర్పించుకున్న దీనుడు నమస్కరించి చేయు విన్నపములు.

తమరు క్షేమమని వేరే అడగనక్కర్లేదు. నల్లని నురుగు పరుపు మీద పవళించి, మూత తీయగానే మెరిసేలా వచ్చారు. నా ఎయిర్ రైఫిల్ మాత్రం అప్పట్లో అట్టపెట్టెలో, పాత దినపత్రికల మధ్య వచ్చింది. తమరి వెల దాని వెలలో సగం. ఆ సగంలో బారెల్ లేదు, బట్ లేదు, సైట్లు లేవు, గాలి సిలిండర్ లేదు. వేలెడు లోహం ఉంది. దాంతోపాటు ఒక స్టిక్కర్ ఉచితం.

'అరగంట పని సార్, బిగించారంటే గ్రూప్ సగానికి సగం తగ్గుతుంది' అన్నాడు అమ్మినవాడు. గ్రూప్ అంటే కాగితం మీద పడే రంధ్రాల గుంపు. మా షూటింగ్ మిత్రుల వాట్సాప్‌లో ఒకాయన ఇంకాస్త ముందుకు వెళ్లి గగన్ నారంగ్ పేరు తీశాడు. మన హైదరాబాద్ వాడే కదా అని నేనూ పొంగాను. నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్ ఎయిర్ రైఫిల్ పోటీలో 701.1 పాయింట్లు చేసి కాంస్యం తెచ్చారు. ఆయనకూ నాకూ ఉన్న తేడా ట్రిగ్గర్‌లో ఉందని చెప్పే ధైర్యం ఆ వాట్సాప్ బృందానికే చెల్లింది.

ఇక తమరి స్క్రూల సంగతికి వస్తాను.

తమరికి అయిదు స్క్రూలు. తమరిని నొక్కడం రెండు దశలు: వేలు తేలిగ్గా జరిగి ఆగేదాకా ఫస్ట్ స్టేజ్, అక్కడినుంచి పేలేదాకా సెకండ్ స్టేజ్. ఫస్ట్ స్టేజ్ ఎంత దూరం జరగాలో ఒకటి చెబుతుంది, ఎంత బరువుండాలో, అంటే ఎంత బలంతో నొక్కాలో, మరొకటి. సెకండ్ స్టేజ్ బరువుకు ఇంకొకటి. పేలిన తర్వాత వేలు ఎక్కడ ఆగాలో నాలుగోది. వేలు ఆనే బ్లేడును ముందుకూ వెనక్కీ జరపడానికి అయిదోది. అయిదూ స్వతంత్రమని కరపత్రంలో రాశారు. అబద్ధం. మొదటిదాన్ని పావు వంతు తిప్పితే మూడోది అలుగుతుంది. ఫస్ట్ స్టేజ్ తేలిక చేస్తే సెకండ్ స్టేజ్ ఎక్కడ మొదలవుతుందో వేలికి అందదు. అది అందేలా చేస్తే ట్రిగ్గర్ బరువెక్కుతుంది. నాలుగోదాన్ని ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ బిగిస్తే రైఫిల్ అసలు పేలదు. నొక్కుతూ, ఊపిరి బిగబట్టి, కళ్లు నీళ్లు కమ్మేదాకా నిలబడి, పెల్లెట్‌ను, అంటే చిన్న సీసపు గుండును, బారెల్‌లోనే పెట్టుకుని దించాల్సి వస్తుంది.

పోనీ ఆ నాలుగో స్క్రూ చేతికి అందేచోట ఉందా? లేదు. దాన్ని తాకాలంటే భుజానికి ఆనించే బట్ విప్పాలి. బట్ విప్పి బిగిస్తే సైట్ల సున్నా, అంటే గురి చూసినచోటే పెల్లెట్ తగిలే అమరిక, పక్కకు జరుగుతుంది. సున్నా జరిగితే మళ్లీ కాగితం మీద కొట్టి సరిచేసుకోవాలి. సరిచేసుకున్నాక ట్రిగ్గర్ ఇంకా గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది. అనిపించగానే మళ్లీ బట్ విప్పాలి. గచ్చిబౌలి ట్రాఫిక్‌ను ఈదుకుని రేంజికి వెళ్లింది అలెన్ కీ పట్టుకుని బల్ల ముందు కూర్చోవడానికా? పక్క లేన్‌లో క్లబ్బు అరువు రైఫిల్‌తో ఒక అమ్మాయి తన అరవై షాట్లూ ముగించి, కాగితాలు సర్దుకుని, 'అంకుల్, సాయం కావాలా?' అని అడిగి వెళ్లిపోయింది. ఆ రైఫిల్‌కు ఫ్యాక్టరీ ట్రిగ్గరే. ఏ స్క్రూ ఎవరు ఎప్పుడు తిప్పారో ఎవరికీ తెలియదు. అర మిల్లీమీటరు చుక్కకు పది పాయింట్లు ఇచ్చే ఆటలో ఆ పిల్ల చుక్కను తినేస్తోంది.

ఎట్టకేలకు కుదిరిందనుకున్నాను. నిబంధనల్లో ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు మోయాలి, మ్యాచ్‌లో తూకం వేలాడదీసి మరీ చూస్తారు. ఎయిర్ రైఫిల్‌కు అలాంటి కనీస బరువు లేదు. ఆ స్వేచ్ఛను తమరు పూర్తిగా వాడుకున్నారు. రైఫిల్ ఎత్తి, ఇంకా టార్గెట్ మీదికి దించుతూనే ఉన్నాను, వేలు అలా ఆనిందో లేదో, టప్! నా లేన్ నంబరు పలక మీద 7కు కన్నం పడింది. కోచ్ సార్ వచ్చి చూసి, 'దానికి పాయింట్లు ఉండవండీ' అన్నారు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఇక మర్యాదలు చాలు. ఒక్కటి అడుగుతాను, చెప్పు. నువ్వు చేసే పని ఏమిటి? పెల్లెట్ ఎటు వెళ్లాలో తేల్చేది బారెల్, ఆ పెల్లెట్, గాలి పీడనం. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద ఆనించి నీతోనూ పాత ట్రిగ్గర్‌తోనూ కొట్టి చూశాను. రంధ్రాల గుంపు అదే. పెల్లెట్ల డబ్బా మార్చాను, గుంపు చిక్కబడింది. ఆ డబ్బా వెల నీ పెట్టెలోని నురుగు పరుపు వెలంత కూడా ఉండదు. నువ్వు గురి పెంచవు. పేల్చే క్షణంలో వేలు రైఫిల్‌ను కదపకుండా ఉండే వీలు కల్పిస్తావు, అంతే. దానికి సగం రైఫిల్ వెలా?

నీ జాతికి పనే లేదని అనను. అమెరికాలో వేట రైఫిళ్లకు మూడు కిలోల బరువు ట్రిగ్గర్లు పెట్టిన రోజులున్నాయి. మూడున్నర కిలోల రైఫిల్‌ను భుజానికెత్తి మూడు కిలోల బలంతో లాగితే గురి నిలుస్తుందా? అక్కడ మంచి ట్రిగ్గర్‌కు పెట్టిన ప్రతి డాలరూ న్యాయమే. కానీ 2000ల తొలి ఏళ్లలో సావేజ్ అనే తుపాకుల కంపెనీ, కొన్నవాడే సర్దుకోగల అక్యూట్రిగ్గర్‌ను ఫ్యాక్టరీలోనే బిగించి పంపడం మొదలుపెట్టింది. మిగతా కంపెనీలూ దారికొచ్చాయి. మ్యాచ్ ఎయిర్ రైఫిళ్లయితే మంచి ట్రిగ్గర్‌తోనే పుడతాయి. గరగరలాడే చవక ట్రిగ్గర్ ఉన్నవాడు నిన్ను కొనుక్కుంటే కొనుక్కోనీ. మిగతావాళ్లు ఆ డబ్బు పెల్లెట్లకు పెట్టి, రాత్రిళ్లు గోడకు చుక్క పెట్టుకుని ఖాళీ రైఫిల్‌తో డ్రై ఫైరింగ్ చేసుకోవచ్చు. గోడ బిల్లు వేయదు.

తేలికదనం గురించి మరీ మిడిసిపడకు. 2014లో రెమింగ్టన్ అనే మరో తుపాకుల కంపెనీ తన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్లున్న రైఫిళ్లను వెనక్కి పిలిచింది. బిగింపులో వాడిన జిగురు ఎక్కువై, నొక్కకుండానే పేలే ప్రమాదం ఉందని. నువ్వు కనీసం నేను తాకాక పేలావు. ఆ మేరకు కృతజ్ఞతలు.

నిన్ను తిరిగి ఇచ్చేద్దామంటే, ఒకసారి బిగించిన సరుకు తీసుకోమని అమ్మినవాడు సెలవిచ్చాడు. కనుక ఉంటావు. నిజం చెప్పాలంటే నీ ఫస్ట్ స్టేజ్ బాగుంది. వేలు జారి, గోడకు తగిలినట్టు ఆగి, అక్కడే నిలబడుతుంది. అది మాత్రం ఇష్టం. ఈ ఉదయం నిన్ను బరువు చేసి, అయిదు స్క్రూల తలల మీదా, ఇక కదలకుండా, మా అమ్మాయి ఎర్ర నెయిల్ పాలిష్ వేశాను. నాలుగోదానికి రెండు పూతలు. సీసాలో సగం అయిపోయిందని తనకింకా తెలియదు.

ఇట్లు,
రసీదు ప్రకారం తమ యజమాని