"చిన్నపిల్లలకేం గుర్తుంటుంది, ప్రేమగా చూస్తే చాలు" అన్న మెసేజ్‌కి నా జవాబు

వారం రోజుల్లో ఒకే మెసేజ్ నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. మా పిన్ని కూడా పంపింది, "నీ పని గురించే రాశారు చూడు" అని. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: అయినవాళ్లు లేని పిల్లల్ని ఫోస్టర్ కుటుంబాల్లో పెడుతున్నారు, మంచిదే, కానీ వాళ్లకి సైకాలజిస్టులు ఎందుకు? చిన్నపిల్లలకి జరిగింది గుర్తుండదు, కడుపునిండా అన్నం పెట్టి ప్రేమగా చూస్తే ఆరు నెలల్లో అన్నీ మర్చిపోతారు, కౌన్సెలింగ్ పేరుతో మానిన పుండుని కెలుకుతున్నారు, కన్నవాళ్ల ఊసే ఎత్తకూడదు, మొండికేస్తే కాస్త భయం చెప్పాలి, అయినా నెలకి నాలుగు వేల కోసం పిల్లల్ని తెచ్చుకునేవాళ్లకి ఇవన్నీ దేనికి.

నేను పదకొండేళ్లుగా ఈ పిల్లలతోనే పనిచేస్తున్నాను, మొదట ఇలాంటి పిల్లల్ని ఉంచే హోముల్లో, తర్వాత ఫోస్టర్ ఇళ్లకి వెళ్లిన పిల్లలతో. మెసేజ్ రాసినవాళ్లది చెడు ఉద్దేశం అనుకోను. కానీ అది చదివి ఏ ఒక్క తల్లి పిల్లవాడిని మా దగ్గరికి తీసుకురావడం మానేసినా నష్టం ఆ పిల్లవాడికే, అందుకే కూర్చుని ఒక్కో మాటకి జవాబు రాస్తున్నాను. పిల్లల గురించి చెప్పిన చోట గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ముందు ఒక విషయం. ఫోస్టర్ కేర్‌ని చాలామంది దత్తత అనుకుంటారు. దత్తతలో బిడ్డ చట్టప్రకారం మీ బిడ్డ అవుతుంది. ఫోస్టర్ కేర్‌లో 2015 నాటి బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ కింద బాలల సంక్షేమ సమితి, అదే సీడబ్ల్యూసీ, ఉత్తర్వు ఇచ్చి పిల్లవాడిని కొంతకాలం ఒక కుటుంబంలో ఉంచుతుంది, నెలనెలా ఆ కుటుంబాన్ని తనిఖీ చేయాలని కూడా చట్టమే చెప్తుంది. 2024లో కేంద్రం సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఒంటరిగా ఉన్నవాళ్లు కూడా ఫోస్టర్ తల్లి లేదా తండ్రి కావచ్చు, రెండేళ్లు కలిసి ఉన్నాక దత్తత కోరే వీలుంది. హోముల నుంచి ఇలా ఇళ్లకి వెళ్లేది ఎక్కువగా ఆరేళ్లు దాటిన పిల్లలు. అంటే వాళ్లు ఆ ఇంటి గడప తొక్కేటప్పటికే ఆరేడేళ్ల జీవితం చూసి వస్తున్నారు.

ఇక "చిన్నపిల్లలకి గుర్తుండదు" అన్న మాట.

ఎనిమిదేళ్ల బాబు ఒకడు. ఫోస్టర్ అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఆమెకున్న బాధ ఒక్కటే: "మేడమ్, వీడు చెప్పులు తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంటాడు. ఎన్నిసార్లు తీసి బయట పెట్టినా అర్ధరాత్రి లేచి తెచ్చుకుంటాడు. బట్టలు బీరువాలో పెట్టనివ్వడు, ఆ క్యారీబ్యాగులోనే ఉండాలంటాడు." ఆ గదిలోనే దేవుడి పటాలు ఉన్నాయి. దేవుడి గదిలో చెప్పులేంటని అత్తగారు రోజూ గొడవ. పిల్లవాడిని అడిగితే పాత ఇంటి గురించి ఏమీ గుర్తులేదన్నాడు, అది అబద్ధం కూడా కాదు. కానీ ఫైల్లో ఉంది, తండ్రి తాగొచ్చి కొట్టిన రాత్రుల్లో తల్లి వాడిని చంకనేసుకుని పక్కింటికి పరిగెత్తేదని, అప్పుడు వాడికి నాలుగేళ్లు కూడా లేవని. వాడి బుర్రలో ఆ రాత్రుల కథ లేదు, కాళ్లకి మాత్రం తెలుసు, ఏ క్షణమైనా లేచి పరిగెత్తాల్సి వస్తుందని.

గుర్తుండడం అంటే నోటితో చెప్పగలగడం ఒక్కటే కాదండి. మాటలు సరిగ్గా రాకముందు జరిగినవి మాటల్లో నిలవవు, ఒంట్లో నిలుస్తాయి. బైకు ఆగిన చప్పుడు, సారా వాసన, బయట గొళ్లెం పెట్టిన శబ్దం, వీటిలో ఏదో ఒకటి చాలు, గుండె దడదడలాడడానికి, పక్క తడపడానికి, ఎదుటివాళ్లని కొరకడానికి. పిల్లవాడికి ఎందుకో తెలియదు, ఇంట్లోవాళ్లకీ తెలియదు, అందరూ కలిసి దానికి మొండితనం అని పేరు పెడతారు.

రుజువు కావాలంటే రుమేనియాలో ఉంది. 1989 డిసెంబరులో చౌషెస్కు ప్రభుత్వం కూలిపోయాక అక్కడి అనాథాశ్రమాల్లో వేలాది పిల్లలు ఎలాంటి స్థితిలో ఉన్నారో ప్రపంచం చూసింది. తర్వాత చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే అమెరికన్ పరిశోధకులు బుఖారెస్ట్‌లో ఆరు నెలల నుంచి రెండున్నరేళ్ల మధ్య వయసున్న 136 మంది ఆశ్రమ పిల్లల్ని తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం మందిని ఫోస్టర్ కుటుంబాల్లో ఉంచి, ఏళ్ల తరబడి గమనించారు. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లల తెలివితేటలు, మనుషులతో పెనవేసుకునే గుణం బాగా మెరుగుపడ్డాయి, అదీ రెండేళ్లలోపు వెళ్లినవాళ్లకి ఎక్కువగా. కానీ ఒకచోట నిలవలేకపోవడం, దేనిమీదా ధ్యాస పెట్టలేకపోవడం లాంటివి మంచి కుటుంబాల్లో పెరిగినా చాలామందిలో తగ్గలేదు. వాళ్లంతా మాటలు సరిగ్గా రాని పసివాళ్లు, ఒక్కరికీ ఏదీ "గుర్తులేదు". మరి తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

రెండో మాటకి, అంటే "ప్రేమ చాలు" అన్నదానికి, సగం జవాబు ఇందులోనే ఉంది. ప్రేమ పనిచేస్తుంది, దానికి బదులు ఇంకేదీ లేదు, నేను వారానికోసారి ఒక గంట కూర్చుని చేసేది ఒక తల్లి రోజూ జడ వేస్తూ చేసేదాని ముందు చాలా చిన్నది. కానీ ప్రేమ తీసుకోవడం కూడా కొందరు పిల్లలకి కష్టం. దగ్గరికి తీసుకున్న చెయ్యే దెబ్బ కొట్టిన ఇంట్లో పెరిగిన బిడ్డకి ముద్దు చేస్తే భయం వేస్తుంది.

పదేళ్ల పాప ఒకతె నాలుగు నెలలు బంగారంలా ఉంది. అడగకుండానే ఇల్లు ఊడ్చేది, రెండోసారి అన్నం పెట్టమని ఎప్పుడూ అడగలేదు, జ్వరం వస్తే కూడా చెప్పలేదు. చుట్టాలందరూ ఎంత మంచి పిల్ల అన్నారు, నాకు మాత్రం అదే టెన్షన్. ఐదో నెలలో ఒకరోజు ఫోస్టర్ అమ్మ పెళ్లికి వెళ్లి రెండు గంటలు ఆలస్యంగా వచ్చేసరికి కంచం విసిరికొట్టింది, తలుపేసుకుని రాత్రంతా ఏడ్చింది, మరుసటి వారం స్కూల్లో దొంగతనం. ఆ దంపతులు నా దగ్గరికొచ్చి "మేం ఏం తక్కువ చేశాం మేడమ్, మా వల్ల కాదు, వెనక్కి తీసుకోమని చెప్పండి" అన్నారు. ప్రేమ చాలు, ఆరు నెలల్లో అన్నీ సర్దుకుంటాయి అని నమ్మినవాళ్లు సరిగ్గా ఇక్కడే విరిగిపోతారు, ఎందుకంటే సర్దుకోకపోతే తప్పు తమదో పిల్లదో అయి ఉండాలి కదా.

నిజానికి అది పిల్ల చెడిపోవడం కాదు. 1950లలోనే జేమ్స్ రాబర్ట్‌సన్ బ్రిటన్ ఆసుపత్రుల్లో తల్లికి దూరమైన పసిపిల్లల్ని గమనించి చెప్పాడు, మొదట గొంతు చించుకుని ఏడుస్తారు, తర్వాత కుంగిపోతారు, ఆ తర్వాత నెమ్మదిగా, ఏ పేచీ లేకుండా ఉంటారు, నర్సులు దాన్ని చూసి అలవాటు పడ్డారు అనుకుంటారు అని. ఈ పాప మంచితనం కూడా అలాంటిదే. కంచం విసిరిందంటే, విసిరినా వీళ్లు నన్ను గెంటేయరేమో అన్న ఆశ మొదటిసారి పుట్టిందని అర్థం. ఆ మాట ఆ దంపతులకి చెప్పడానికి నాకు మూడు సిట్టింగులు పట్టింది. ఆ రోజు వాళ్లు వెనక్కి ఇచ్చేసి ఉంటే, ఆ పిల్ల నేర్చుకునేది ఒక్కటే, కోపం చూపిస్తే ఇల్లు పోతుందని.

"మానిన పుండుని కెలుకుతారు" అన్నదాంట్లో కొంత నిజం ఉంది, దాచను. అత్యాచారం జరిగిన ఒక పిల్ల నా దగ్గరికి వచ్చేసరికి పోలీసులకి, సమితికి, హోములో వాళ్లకి, టీచరుకి, ఎవరో విజిటర్‌కి కూడా అదే కథ చెప్పి ఉంది. అడిగిన ప్రతి మనిషీ జాలితోనే అడిగారు. దాన్ని కౌన్సెలింగ్ అంటే నాకూ కోపమే. మేం చేసేది దానికి పూర్తిగా ఎదురు. మొదటి కొన్ని నెలలు జరిగిన దాని గురించి నేను అడగనే అడగను. బంకమట్టి, బొమ్మలు, అష్టాచెమ్మా, ఊపిరి మెల్లగా తీసుకోవడం, కోపం వచ్చినప్పుడు ఒంట్లో ఎక్కడ వేడెక్కుతుందో కనిపెట్టడం, ఇవే. నా సమయంలో సగం పైన పోయేది ఫోస్టర్ తల్లిదండ్రులతో, క్లాస్ టీచరుతో. నిద్ర కుదురుకుని, ఇంట్లో ఒక్క మనిషి మీదైనా నమ్మకం కుదిరాక, పిల్ల సిద్ధంగా ఉంటేనే జరిగినదాన్ని కొంచెం కొంచెంగా మాటల్లోకో బొమ్మల్లోకో తెస్తాం, అదీ ఆ మనిషికి ఆ పనిలో చోటిచ్చే. ఒక్కటి మాత్రం మొదటి రోజే పిల్లలకి చెప్తాను: నీ మాటలు నా దగ్గరే ఉంటాయి, కానీ నిన్నెవరైనా ఆ రకంగా బాధపెట్టారని తెలిస్తే నేను దాచలేను. పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసి చెప్పకపోవడం నేరం. మాటిచ్చి తప్పడం కన్నా ముందే చెప్పడం మేలు, ఈ పిల్లలకి మాట తప్పిన పెద్దవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

మీ పిల్లని చూసే క్లినికల్ సైకాలజిస్టుకి ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, రిజిస్ట్రేషన్ ఉందో లేదో మొహమాటం లేకుండా అడగండి. రెండు రోజుల కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్ల చేతిలో పుండు నిజంగానే కెలికినట్టవుతుంది.

కన్నవాళ్ల ఊసెత్తొద్దు అన్నది వినడానికి బాగుంటుంది. కానీ మీరు ఎత్తకపోయినా ఆ పిల్ల తలలో అమ్మ తిరుగుతూనే ఉంటుంది, ఇంట్లో ఆ పేరే నిషిద్ధమైతే "మా అమ్మ చెడ్డది, ఆమె కడుపున పుట్టిన నేనూ చెడ్డదాన్నే" అన్న లెక్క తనకి తానే వేసుకుంటుంది. బిడ్డకి హాని లేదని సమితి అనుకుంటే కన్నవాళ్లు వచ్చి చూడొచ్చని, అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్లనీ వీలైనంతవరకు కలిపే ఉంచాలని చట్టంలోనే రాశారు. కన్నవాళ్లు వచ్చి చూసి వెళ్లాక పిల్లకి రెండు రోజులు జ్వరం, పక్క తడపడం మామూలే. అది చూసి వెంటనే రాకపోకలు ఆపేయమనకండి, ముందు మాతో మాట్లాడండి.

భయం చెప్పాలన్న దానికి పెద్దగా రాయను. వాళ్ల దగ్గర కొరత లేనిది అదొక్కటే.

డబ్బు సంగతి. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లకి నెలకి 4,000 రూపాయలు ఇస్తారు, అది పిల్ల ఖర్చులకి. స్కూలు ఆటో, పుస్తకాలు, బట్టలు, మందులు, పాలు లెక్క వేసి చూడండి, ఇందులో లాభం ఎవరికి మిగులుతుందో. నేను చూసిన ఫోస్టర్ తల్లుల్లో ఒకావిడ మేం పెట్టే సిట్టింగ్ కోసం కుట్టుమిషన్ పని మానుకుని రెండు బస్సులు మారి వచ్చేది, ఆ రోజు కూలీ పోయినట్టే కదా. అలాంటివాళ్ల మీద ఇలాంటి మాట ఫార్వర్డ్ చేసేముందు ఆగండి, బతిమాలుతున్నాను.

చెప్పుల బాబు గురించి అడిగేవాళ్ల కోసం. మేం ఆ చెప్పులు లాక్కోలేదు. కడిగి, పాత టవల్లో చుట్టి, తలగడ పక్కనే ఉంచమన్నాం, అత్తగారికి నేనే వెళ్లి నచ్చజెప్పాను. ఫోస్టర్ నాన్న రోజూ రాత్రి వాడి చేతే తలుపు గడియ వేయించి, రేపు స్కూలుకి ఎవరు తీసుకెళ్తారు, ఎవరు తీసుకొస్తారు అని చెప్పి పడుకోబెట్టేవాడు, ఒక్క రోజూ తప్పకుండా. చెప్పులు ముందు మంచం కిందికి, తర్వాత గుమ్మం దగ్గరికి వెళ్లాయి. ఏడో నెలలో అనుకుంటా, బయట అందరి చెప్పులతో పాటు ఉన్నాయని ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. క్యారీబ్యాగు మాత్రం ఇంకా ఉంది, వాడికి ఇప్పుడు పట్టని చొక్కాలు రెండు అందులో. తీసేయమంటారా అని మొన్న అడిగింది. వద్దన్నాను, వాడే తీసేదాకా బీరువా కింది అరలో ఉండనివ్వమన్నాను.