అనధికార కీర్తిమందిరం: ఎన్నికల నియమావళి

సియాటిల్ మారినర్స్ బేస్‌బాల్ జట్టుకు అధికారిక హాల్ ఆఫ్ ఫేమ్ ఉండగా అభిమానులు ఓట్లేసుకుని ఇంకోటి కట్టుకోవడం దేనికి అనేవాళ్లకు ప్రజాస్వామ్యం విలువ తెలీదు. 2025 సీజన్ ముగిసేనాటికి మేజర్ లీగ్‌లో వరల్డ్ సిరీస్ (కప్పు తేల్చే ఫైనల్) గడప తొక్కని జట్టు ఇదొక్కటే. 2001లో 116 మ్యాచులు గెలిచి కూడా తొక్కలేదు. కప్పు లేని ఇంట్లో పటాలైనా ఉండొద్దూ?

ఎవరి పటం అన్నదే పేచీ. మన పాత ఆటగాళ్లు గ్రిఫీ, ఎడ్గర్ మార్టినెజ్, ఇచిరోలకు మన ఓటు అక్కర్లేదు, కూపర్స్‌టౌన్‌లోని జాతీయ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనే కొలువైపోయారు. (ఎడ్గర్ బ్యాటింగ్ సగటు .312ను క్రికెట్ కళ్లతో చూసి, సియాటిల్ పక్క రెడ్‌మండ్‌లో కొత్తగా దిగిన మనవాళ్లు జాలిపడొద్దు. పదిసార్లకు మూడుసార్లు హిట్ కొడితే, అంటే బంతి బాది బేస్ చేరితే, ఇక్కడ మొనగాడే.) అసలు తగువంతా లెన్నీ రాండిల్ లాంటివాళ్ల దగ్గర. 1981 మే 27న మారినర్స్ అప్పటి స్టేడియం కింగ్‌డోమ్‌లో కాన్సాస్ సిటీ ఆటగాడు ఏమస్ ఓటిస్ మెల్లగా తట్టిన బంతి మూడో బేస్ గీత వెంబడి లోపలివైపే దొర్లుతోంది. రాండిల్ నాలుగు కాళ్ల మీద పడి, తడికట్టెల పొయ్యి ఊదినట్టు ఊది, దాన్ని గీత దాటించాడు. అంపైర్ ముందు ఫౌల్ (గీత బయటి బంతి, హిట్ కాదు) అన్నాడు. అవతలి మేనేజర్ గొడవకు దిగాక మాట మార్చి హిట్ ఇచ్చాడు. ఊదలేదు, బయటికి పొమ్మని బంతిని బతిమాలానంతే అన్నది రాండిల్ వాదన. ఇంతటి సేవకు గణాంకాల పట్టికలో గడే లేదు.

‘కనీసం ఐదు సీజన్లు’ అని నిబంధన పెడితే రెండే ఆడిన రాండిల్ ఎగిరిపోతాడు. ఏడు ఆడిన అలెక్స్ రోడ్రిగెజ్ దర్జాగా లోపలికొస్తాడు. 25 కోట్ల 20 లక్షల డాలర్లకు టెక్సాస్ వెళ్లిపోయాడని అతని మీద దొంగనోట్లు విసిరిన జనమే ఇక్కడ ఓటర్లు. కాబట్టి సీజన్ల లెక్క వద్దు.

రిగ్గింగ్‌కు మనమే ఆద్యులమన్న గర్వమూ వద్దు. 1957లో ఆల్‌స్టార్ మ్యాచ్‌కు (లీగ్ మేటి ఆటగాళ్ల పోటీ) జట్టును ఎన్నుకునే ఓటింగులో సిన్సినాటి జనం ఎనిమిది స్థానాల్లో ఏడు తమవాళ్లకే కట్టబెడితే, కమిషనర్ ఇద్దర్ని పీకేసి, 1970 దాకా అభిమానులకు ఓటే లేకుండా చేశారు. అందుకే మనిషికొక ఈమెయిలు, ఒక్కటే బ్యాలెట్. బామ్మర్ది పేరుతో రెండోది చెల్లదు.

ఇక కూపర్స్‌టౌన్‌ను చూసి, గెలవాలంటే ఓటర్లలో 75 శాతం మంది వెయ్యాలని గీత గీస్తే లెక్క ఇలా తిరుగుతుంది. 40 మంది ఓటర్లు, తలా నాలుగు పేర్లు, మొత్తం 160 ఓట్లు. గెలవడానికి 30 కావాలి. ఎంత కట్టగట్టుకుని వేసినా ఐదుగురికి మించి దాటరు. ముప్ఫై పేర్ల మీద చెల్లాచెదురైతే ఒక్కడూ దాటడు. అయిదు శాతం రాకపోతే పేరు తీసేస్తామన్న నిబంధన ఇంకా కామెడీ. 40 మందిలో అది రెండు ఓట్లు, ఏ అనామకుడైనా మొగుడూపెళ్లాల ఓట్లతో పదేళ్లు జాబితాలో వేలాడొచ్చు.

అన్నిటికంటే ప్రమాదం ఖాళీ బ్యాలెట్. మన నోటా పాపం ఎవర్నీ ఓడించదు. ఇది ఓడిస్తుంది, ఎందుకంటే ఎవరికీ ఓటెయ్యకపోయినా మొత్తంలో లెక్కకొస్తుంది. 2021లో కూపర్స్‌టౌన్‌కు 14 ఖాళీవి వచ్చాయి, ఎవరూ ఎన్నిక కాలేదు. మన దగ్గర ఒక్కటి చాలు. 41వ ఓటరు ఖాళీది పంపితే గీత 31కి జరుగుతుంది. సరిగ్గా 30 తెచ్చుకున్న రాండిల్ గుమ్మం బయటే ఆగిపోతాడు. ఆ పెద్దమనిషిని నిలదీస్తే వచ్చే జవాబు ముందే తెలుసు: “లింకు పనిచేస్తోందో లేదో చూశానండీ.”