నవల చదివిన చేత్తోనే ఆత్మకథ

శాఖా గ్రంథాలయంలో నవలల బీరువా ఒకచోట, జీవిత చరిత్రల బీరువా మరోచోట ఉండడం నిర్వహణకు అవసరమే. ఆ ఏర్పాటు పాఠకుల అలవాటుగా మారినప్పుడే చిక్కు వస్తుంది. నవలలు చదివేవారు ఆత్మకథలంటే పెద్దమనుషుల సొంత డబ్బా అనుకుని పక్కకు తప్పుకుంటారు. ఆత్మకథలు చదివేవారు కల్పితమంతా కాలక్షేపమేనని తేల్చేస్తారు. డిటెక్టివ్ నవలలు చదివేవారైతే ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవడానికే మొహమాటపడతారు. ‘తప్పక చదవాల్సిన’ పుస్తకాల జాబితాలు, ఆన్‌లైన్ దుకాణాల సిఫార్సులు ఈ గిరిగీతలను మరింత లోతు చేస్తున్నాయి. ప్రేమ నవల కొన్నవారికి మరో నాలుగు ప్రేమ నవలలు కనిపిస్తాయి తప్ప, అదే ఊరి గురించి, అదే కాలం గురించి ఎవరో రాసుకున్న జ్ఞాపకాలు కనిపించవు. ఒక కాలాన్నో, ప్రాంతాన్నో, రచయితనో పట్టుకుని, అది ఏ ప్రక్రియలోకి తీసుకుపోతే అక్కడికల్లా వెళ్లగలిగిన పాఠకుడికే మంచి పుస్తకాలు ఎక్కువగా దొరుకుతాయని నా అభిప్రాయం. తెలుగులో ఆ దారి ఎంత దూరం పోతుందో చూడడానికి నిజాం పాలన నాటి తెలంగాణ సాయుధ పోరాట కాలాన్ని తీసుకుందాం.

వట్టికోట ఆళ్వారుస్వామి రాసిన ‘ప్రజల మనిషి’తో మొదలుపెట్టవచ్చు. నిజాం పాలనలోని పల్లెను, అందులో రాజకీయ చైతన్యం మొలకెత్తిన తీరును చూపిన నవల అది. దానికి తరువాయిగా మొదలుపెట్టిన ‘గంగు’ పూర్తికాకుండానే 1961లో ఆయన కన్నుమూశారు. నవలలు చదివే పాఠకుడు సాధారణంగా ఇక్కడితో ఆగి, మరో నవలా రచయితను వెతుక్కుంటాడు. అయితే ఆళ్వారుస్వామి జైలు జీవితంలో తారసపడిన మనుషుల గురించి ‘జైలు లోపల’ కథలు కూడా రాశారు. నవలలో ఊరి అన్యాయాన్ని ఎదిరించే మనుషులను చూసిన కళ్లతోనే, జైలు గోడల మధ్య చేరిన దొంగలనూ హంతకులనూ అభాగ్యులనూ చూస్తే, ఆ రచయిత మనుషుల్ని ఎంత దగ్గరగా పరిశీలించాడో అర్థమవుతుంది. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలను తలమీద మోసుకుని తిరిగి అమ్మిన మనిషి ఆయన. పాఠకుడి దగ్గరికి పుస్తకం నడిచి వెళ్లాలని నమ్మిన వ్యక్తి రచనలనే మనం ఇవాళ బీరువాల వారీగా విడగొట్టుకున్నాం!

ఆళ్వారుస్వామి ఆగినచోట దాశరథి రంగాచార్య అందుకున్నారు. ‘చిల్లరదేవుళ్లు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ నవలల్లో ఆయన తెలంగాణ సామాజిక చరిత్రను వరుసగా చెప్పుకొచ్చారు. ‘చిల్లరదేవుళ్లు’లో కోటలాంటి దొర ఇల్లు, గడీ ఉంది, వెట్టిచాకిరీ ఉంది, దొరల ఇళ్లలో దాసీలుగా బతుకు వెళ్లదీసిన ఆడబాపలు ఉన్నారు, వీటన్నిటినీ బయటివాడి కళ్లతో చూడడానికి ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన సంగీతజ్ఞుడు ఉన్నాడు. ఈ నవల ముగించి ఆయన ఆత్మకథ ‘జీవనయానం’ తెరిస్తే, చిన్నగూడూరులో సంప్రదాయ వైష్ణవ కుటుంబంలో పుట్టిన కుర్రవాడు అదే వ్యవస్థ మధ్య ఎలా పెరిగాడో, చదువుకునే వయసులోనే పోరాటంలోకి ఎలా వెళ్లాడో తెలుస్తుంది. ఏ పాత్ర ఎవరి నుంచి వచ్చిందో పట్టుకోవడం మహా అయితే సరదా. నవలాకారుడు దేన్ని బయటి మనిషికి అప్పగించి చెప్పించాడో, దేన్ని తన పేరుతోనే చెప్పుకోగలిగాడో గమనించడమే అసలు చదువు.

ఈ రెండు పుస్తకాలు చదివినా పోరాట కథ సగమే తెలిసినట్టు. మిగతా సగం 1986లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఉంది. సాయుధ పోరాటంలో పాల్గొన్న మహిళలు చెప్పగా టేపుల మీదికి ఎక్కించి, వారి మాటల్లోనే అచ్చు వేసిన జీవితకథలవి. చరిత్ర అంటే చరిత్ర, ఆత్మకథలంటే ఆత్మకథలు, చాలాచోట్ల కథలకన్నా పట్టుగా సాగే కథనాలు. 1951లో పోరాటం విరమించాక ఇళ్లకు వెళ్లిపొమ్మంటే, తుపాకీ పట్టిన చేతులతో మళ్లీ గరిటె పట్టుకోవాల్సి వచ్చిన బాధను ఆ స్త్రీలు దాచుకోకుండా చెప్పారు. పోరాటం గురించి మగవాళ్లు రాసిన నవలల్లో ఈ మాట ఇంత సూటిగా నాకు కనిపించలేదు. ఆ పుస్తకంలో గొంతు వినిపించిన వారిలో కొండపల్లి కోటేశ్వరమ్మ తొంభై ఏళ్లు దాటాక ‘నిర్జన వారధి’ రాశారు; మల్లు స్వరాజ్యం ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ ఆ తర్వాత వచ్చింది. అంటే ఒక నవలతో బయలుదేరిన పాఠకుడు జైలు కథలు, ఆత్మకథ, మౌఖిక చరిత్ర దాటి మళ్లీ ఆత్మకథల దగ్గరికి చేరాడు. ఏ ‘వంద ఉత్తమ నవలల’ జాబితా పట్టుకున్నా ఈ దారి దొరికేది కాదు.

ఒకప్పుడు ఈ పని వారపత్రికలు తమకు తెలియకుండానే చేసిపెట్టేవి. సస్పెన్స్ సీరియల్ కోసం పత్రిక కొన్నవాళ్లు దాని పక్క పేజీలోని కథనూ, యాత్రా వ్యాసాన్నీ, సినిమావాళ్ల జ్ఞాపకాలనూ చదవకుండా ఉండలేకపోయేవారు. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ కోసం ఎదురుచూసిన ఇంట్లో ఆ పత్రిక మొత్తం నలుగురి చేతులూ మారేది. ‘బుడుగు’ చదివి నవ్వుకున్న తరం, దశాబ్దాల తర్వాత ముళ్లపూడి వెంకటరమణ ఆత్మకథ ‘కోతికొమ్మచ్చి’ని స్వాతి వారపత్రికలో సీరియల్‌గానే చదివింది. ఆ హాస్యం వెనకాల ఎంత లేమి ఉందో అప్పుడు తెలిసింది. భానుమతి ‘అత్తగారి కథలు’, ఆమె ఆత్మకథ ‘నాలో నేను’ కూడా ఇలా జంటగా చదవదగినవే. పత్రిక తెచ్చుకుంటే అడగనివి కూడా చేతికొచ్చేవి. ఫోన్ తెర మాత్రం అడిగినదాన్నే తిప్పితిప్పి వడ్డిస్తుంది.

అలాగని పాత కాలాన్ని మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. కొవ్వలి లక్ష్మీనరసింహరావు వెయ్యికి పైగా చిన్న నవలలు రాసి, రైల్వే స్టేషన్ల పుస్తకాల దుకాణాల దాకా పాఠకులను లాక్కుపోయినా, కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ ఇంటింటి పేరైనా, మన సాహిత్య చరిత్రలు వాళ్లను ఒకటి రెండు వాక్యాల్లో దాటేశాయి. ‘చందమామ’లో ‘తోకచుక్క’, ‘మకరదేవత’ లాంటి సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరైతే ఆ సీరియల్స్ పక్కన అచ్చయ్యేదే కాదు. రచయిత పేరే తెలియని పాఠకుడు ఆయన మరో రచనను ఎలా వెతుక్కుంటాడు? ఆ పత్రికకే చాలా ఏళ్లు వెన్నెముకగా నిలిచిన కొడవటిగంటి కుటుంబరావు ఒక చేత్తో ‘చదువు’ లాంటి వాస్తవిక నవల, మరో చేత్తో ‘గ్రహశకలం’ లాంటి సైన్స్ ఫిక్షన్ రాశారు. రచయిత ప్రక్రియల మధ్య అంత తేలిగ్గా తిరిగినప్పుడు పాఠకుడికి అడ్డేమిటో నాకు అర్థం కాదు.

ఇక నిజమెంత, కల్పితమెంత అన్న ప్రశ్న మిగులుతుంది. ఆత్మకథ అంటేనే అనుమానించేవారికి శ్రీశ్రీ ముందే ఒక జవాబు ఇచ్చారు: ‘అనంతం’ను ఆయన ఆత్మచరిత్రాత్మక నవల అన్నారు. నామిని ‘సినబ్బ కథలు’, మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, సోమరాజు సుశీల ‘ఇల్లేరమ్మ కథలు’ పేరుకు కథలైనా బాల్య జ్ఞాపకాలుగానే మనసులో నిలుస్తాయి. వాటిలో ప్రతి సంఘటనా జరిగిందా అని ఆరా తీసే పాఠకుడు ఆ యాసల్లోని, ఆ ఇళ్లలోని సత్యాన్ని చేజార్చుకుంటాడు. అయితే రాజకీయ ఆత్మకథల విషయంలో నేను ఇంత ఉదారంగా ఉండలేను. అక్కడ పేర్లుంటాయి, నిందలుంటాయి, వాటికి జవాబు చెప్పుకోలేని మనుషులుంటారు; అలాంటి పుస్తకాన్ని ఎదుటి పక్షం రాసినదానితో కలిపి చదవాల్సిందే.

కథల పేరుతో వచ్చిన జ్ఞాపకాలకు ఉప్పల లక్ష్మణరావు తలకిందుల ఉదాహరణ. ఆయన నవల ‘అతడు-ఆమె’ భార్యాభర్తల డైరీల రూపంలో నడుస్తుంది, అంటే కల్పితమే జ్ఞాపకాల వేషం కట్టింది. వృక్షశాస్త్రవేత్తగా, స్విట్జర్లాండ్ యువతి భర్తగా, మాస్కోలో అనువాదకుడిగా గడిచిన ఆయన అసలు జీవితం ‘బతుకు పుస్తకం’లో ఉంది. స్త్రీకి సొంత అభిప్రాయం, సొంత డైరీ ఉండాలని అంత ముందుగా ఊహించిన రచయిత ఎలాంటి మనిషో తెలుసుకోవాలని ‘అతడు-ఆమె’ ముగించిన ఎవరికైనా అనిపిస్తుంది. ఇలాంటి నవలలను మళ్లీ అచ్చు వేసే ప్రచురణకర్తలు చివరి పేజీలో ‘ఇదే రచయిత ఆత్మకథ’ అని ఒక వాక్యం, అది ఎక్కడ దొరుకుతుందో మరో వాక్యం చేర్చడానికి పెద్దగా ఖర్చేమీ కాదు.