మిల్లు కథలో పనేదీ?

మా మావయ్య విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లులో స్పిన్నింగ్‌లో 28 ఏళ్లు చేశాడు. మూతపడ్డ మిల్లు మీద నేను రాసిన కథ మొన్న ఆయనకి చదివి వినిపించా, గొడవ అక్కడ మొదలైంది.

మావయ్య: బాగానే రాసేవు గానీ ఇందులో మిల్లేదిరా అల్లుడూ? గేటుకి తాళం ఉంది, బయట ఒకడు ఏడుస్తన్నాడు. నువ్వు లోపలికి ఎల్లనేదు.

నేను: లోపల ఇప్పుడేం మిగిలింది మావయ్యా? 1994లో నెల్లిమర్లలో మిల్లు కార్మికుల మీద పోలీసు కాల్పులు జరిగి అయిదుగురు పోయారు, అలాంటివి రాయకపోతే రేపు మన పిల్లలకి ఎవరు చెప్తారు?

మావయ్య: రాయొద్దన్నానేటి? ఆళ్లు పోయిన రోజే రాస్తారు, ముందురోజు దాకా ఆళ్లు ఏం పని చేసేవోరో ఎవడూ రాయడు. బేచింగ్‌లో నారకి నూనె, నీళ్లు కలిపి పట్టిస్తారు, ఆ వాసన సొక్కాకి పట్టిందంటే మీ అత్త ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. స్పిన్నింగ్‌లో పోగు తెగిందనుకో, ఆ ఒక్క కదురే ఆపి, కొస దొరకబుచ్చుకుని, ఇలా మెలేసి అతికి వదిలీయాల, పక్కవన్నీ తిరుగుతానే ఉంటాయి. సూడు.

(బొటనవేలు, చూపుడువేలు కలిపి రుద్ది చూపించాడు. రిటైరై ఇన్నేళ్లయినా ఆ రెండు వేళ్ల చర్మం ఇంకా గరుగ్గానే ఉంది.)

నేను: ఇదంతా పెడితే డాక్యుమెంటరీ అయిపోతుంది, కథ అవదు. చదివేవాడికి బాధ తగలాలి కదా.

మావయ్య: కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారి యజ్ఞం కథ నువ్వే కదా చదివి వినిపించేవు. పంచాయితీలో అప్పు లెక్క ఎంతసేపు నడిచిందీ, వడ్డీతో సహా. ఆ లెక్కంతా తెలిసాకే కదా ఆకర్న మనకి నోట మాట రానేదు.

దీనికి నా దగ్గర జవాబు లేదు, అయినా తగ్గలేదు.

నేను: సరే, ఎవరు రాయాలి మరి? ముంబైలో 1982 బట్టల మిల్లుల సమ్మెకి ముందే నారాయణ్ సుర్వే ఉన్నాడు, మిల్లు కార్మికుడు పెంచిన అనాథ, మిల్లుల్లో పనిచేసి మరాఠీలో ఆ బతుకే కవిత్వం చేశాడు. మనకి పొలం కథలు, వలస కథలు నిండుగా ఉన్నాయి, మిల్లు కథే పల్చన. షిఫ్టు దిగొచ్చినవాడికి పెన్ను పట్టే ఓపిక ఎక్కడుంటుంది?

మావయ్య: పొలం వేరు మిల్లు వేరని ఎవడు సెప్పేడు? గోగు కట్టలు సెరువులో ఊరేసి మిల్లుకి నార తీసింది మీ తాతే. ప్లాస్టిక్ సంచులొచ్చి మిల్లు సన్నబడింది, గోగు ఏసేవోళ్లు మొక్కజొన్నకి ఎల్లిపోనారు, ఇదంతా ఒక్కటే కథ. అది సరే, నీ కథలో ఏడిసేవోడిది ఏ డిపార్టుమెంటు?

నేను: అది నేను అనుకోలేదు. తెలిస్తే మాత్రం ఏడుపు మారుతుందా?

మావయ్య: మారదేటి? వీవింగోడైతే మగ్గాల మోతకి సెవుడొచ్చి ఉంటాది, ఏడుస్తా కూడా అరిసినట్టే మాటాడతాడు. నార దువ్వే కార్డింగోడైతే దుమ్ము తిన్న గుండిరా, ఆడికి ఏడుపు పూర్తిగా రాదు, మధ్యలో దగ్గొచ్చీస్తాది.